రెండో కేబుల్

బల్ల కింద దూరి కేబుల్ బిగుతుగా ఉందో లేదో చూస్తున్న ఆమెకి పైనుంచి నిదానం అక్క గొంతు వినిపిస్తోంది.

"ఆఁ, చెప్పండమ్మా. మీ తమ్ముడుగారి వార్డు చూస్తున్నాను. తొందరేం లేదు, మీరు కాస్త ఊపిరి తీసుకోండి. ఆఁ, కనిపించిందమ్మా. ఈ పొద్దున డాక్టరుగారు వచ్చి చూసి—"

ఆ తర్వాత మాట లేదు.

మొదట అది మామూలుగా ఆగడమే అనుకుంది. నిదానం అక్క మాటకీ మాటకీ మధ్య ఒక మనిషి కూర్చుని లేవొచ్చని ఆస్పత్రి అంతా హాస్యమాడేది. ఆ పేరు అలా వచ్చిందే. కానీ ఈసారి ఆ సందు పూడలేదు.

"అమ్మా, ఉన్నారా? అమ్మా? నేనిక్కడే ఉన్నానమ్మా."

ఆమె బల్ల కిందనుంచి తల బయటపెట్టింది. తెరమీద చిన్న గుండ్రటి గుర్తు తనచుట్టూ తను తిరుగుతోంది. నిదానం అక్క కుడిచెయ్యి మీటల దగ్గర లేదు. ఒళ్ళో ఉంది. తప్పిపోతుందేమోనని పిల్ల చెయ్యి పట్టుకున్నట్టు, దాన్ని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది.

అది ఆస్పత్రి ఎంక్వైరీ గది. లోపల ఉన్న రోగి ఎలా ఉన్నాడో బయటివాళ్ళు ఫోన్ చేసి కనుక్కునేది ఇక్కడే. బల్లలమీద ఉన్నవి తెరలూ, చెవికి తగిలించుకునే హెడ్‌సెట్లూ మాత్రమే. అసలు కంప్యూటర్లు కింద సర్వర్ గదిలో ఉన్నాయి. అవీ విడివిడి పెట్టెలు కావు. ఒక పెద్ద సర్వర్ తన బుర్రని వాటాలు వేసి, ఒక్కో వాటాని ఒక్కో బల్లకి అద్దెకిచ్చినట్టు ఉంటుంది. వాటిని వర్చువల్ మిషన్లంటారు. ఫోన్ మాట కూడా వాటిలోంచే వెళ్ళాలి. కొన్నాళ్ళుగా ఆ మాట ఉన్నట్టుండి తెగిపోతోంది. కాసేపటికి దానంతటదే వస్తోంది. ఎందుకు పోతోందో, ఎందుకు వస్తోందో చూడమని నెట్‌వర్క్ విభాగంనుంచి ఆమెని పంపారు.

అద్దాల గదిలోంచి ఇన్‌చార్జి బయటికొచ్చాడు.

"మళ్ళీ పెట్టేశారా?"

"నేను పెట్టెయ్యలేదు సార్."

"మరి ఫోన్ దానంతటదే అలిగి పెట్టుకుందా?"

నిదానం అక్క ఒళ్ళోని చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఆ అవతలావిడ ఇప్పుడు నాకు చేస్తుంది. డాక్టరుగారు చూసి... చూసి ఏమైందట? బతికాడా, పోయాడా? ఆ ముక్క చెప్పకుండా పెట్టేస్తే వినేవాళ్ళ గుండె ఉంటుందా, ఊడుతుందా? మీ ఇంట్లోవాళ్ళైతే ఇలాగే చేస్తారా?"

"నేను పెట్టెయ్యలేదు సార్," అంది నిదానం అక్క మళ్ళీ. ఈసారి గొంతు తగ్గింది.

ఆయన ఇటు తిరిగాడు. "ఏమ్మా కొత్తపెళ్ళికూతురూ, నీ నెట్‌వర్క్ ఏమంటోంది?"

పెళ్ళయి సెలవునుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆస్పత్రిలో ఆమె పేరు అదే అయిపోయింది. ఆమె లాప్‌టాప్ చూసుకుంది. పొద్దుట్నించీ దానిలో పింగ్ నడుస్తోంది. పింగ్ అంటే పెద్ద విద్యేం కాదు. ఇటునుంచి ఓయ్ అనాలి, అటునుంచి ఆఁ అనాలి. తెర కిందిదాకా ఓయ్, ఆఁ, ఓయ్, ఆఁ. ఒక్కటీ తప్పిపోలేదు.

"నెట్‌వర్క్ బాగానే ఉందండీ," అంది.

ఆయన సర్వర్ విభాగానికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. "మిషన్లు కూడా బాగానే ఉన్నాయి సార్, దేనిమీదా బరువు లేదు," అంది అవతలి గొంతు. అది ఆమె భర్త గొంతు. పొంగడానికి సిద్ధంగా ఉన్న పాలని పొంగొద్దు తల్లీ అని పొద్దున బతిమాలిన గొంతే ఇప్పుడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మాట్లాడుతోంది. ఆమెకి నవ్వు ఆగలేదు. పెదవి కొరుక్కుంది. ఆ నవ్వు నిదానం అక్క చూసింది. చూసి, ఆ స్థితిలో కూడా, తనూ చిన్నగా నవ్వింది.

"నెట్‌వర్క్ బాగుంది. మిషన్ బాగుంది," అన్నాడు ఇన్‌చార్జి. "ఇక మిగిలిందెవరు?"

సాయంత్రంలోపే, పైవాళ్ళు ఏదో ఒకటి తేల్చేదాకా ఇంటి దగ్గరే ఉండమని నిదానం అక్కకి చెప్పారు. ఆవిడ హెడ్‌సెట్ తీసి, చెవికి తగిలే మెత్తటి భాగాన్ని చీరకొంగుతో తుడిచి, తర్వాత వచ్చేవాళ్ళకి వీలుగా వైరు చుట్టి పెట్టింది. కుర్చీ బల్ల కిందికి తోసింది. అన్నీ ఎడమచేత్తోనే చేసింది.

*

వాళ్ళిద్దరిదీ రెండు గదుల ఇల్లు. ఉన్నవి రెండు కంచాలు, ఒక మంచి గరిటె, బోలెడు ఖాళీ. మాట్లాడితే గోడలు తిరిగి మాట్లాడుతున్నాయని ఇద్దరూ కావాలని గట్టిగా మాట్లాడుకునేవారు. ఆఫీసులో మాత్రం ఆమె అతన్ని మీరు అనేది. ఇంటి గడప దాటి లోపలికి రాగానే నువ్వు అయిపోయేవాడు. ఆ మారే క్షణం అతనికి ఎంత ఇష్టమంటే, తాళం తీస్తూనే, "ఇప్పుడను," అనేవాడు.

నెట్‌వర్క్ విభాగానికీ సర్వర్ విభాగానికీ ఎప్పటినుంచో వియ్యాలవారి తగువు. ఏది పాడైనా తప్పు మీదంటే మీదని తోసుకోవడమే. ఎలాగూ కొట్టుకు చస్తున్నారని ఇటు పిల్లని అటు ఇచ్చి సంధి చేశారని వీళ్ళ పెళ్ళిమీద జోకు.

ఆ సాయంత్రం ఆమె కంచంలో చెయ్యిపెట్టి ఊరికే కూర్చుంది.

"ఆవిడ చెయ్యి చూశావా?"

"ఎవరి చెయ్యి? నేనెక్కడ చూస్తాను, నేను కింద గదిలో ఉంటే."

"మీటలకి దూరంగా, ఒళ్ళో పెట్టుకుంది. ఫోన్ పెట్టెయ్యాలంటే చెయ్యి అక్కడ ఉండాలి కదా."

"నువ్వే చెప్పావుగా నెట్‌వర్క్ బాగుందని."

"నువ్వే చెప్పావుగా మిషన్ బాగుందని."

ఇద్దరూ నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగింది.

మర్నాడు ఆమె పరీక్ష పేరుతో నిదానం అక్క ఖాళీ కుర్చీలోనే కూర్చుంది. ఇన్నాళ్ళూ తన లాప్‌టాప్‌లోంచి కిందికి ఓయ్ అంటూ వచ్చింది. ఇవాళ ఈ మిషన్ లోపలినుంచి బయటికి ఓయ్ అనిపించింది. పక్క సీటమ్మాయి ఒక కాల్ ముగించి, హెడ్‌సెట్ మెడలోకి జార్చుకుని ఇటు వంగింది.

"మాకూ తెగుతాయండీ. తెగితే మిషన్ని ఆపి మళ్ళీ వేస్తాం. ఆపి వేస్తే అదే వస్తుంది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఎప్పుడు, ఎలా, ఎందుకు అని మమ్మల్నే నిలదీస్తారు. ఆపి వేస్తే పోయేదానికి ఎవరు పడతారండీ ఆ గొడవ? ఇన్‌చార్జిగారు నేర్పిన మొదటి మంత్రమే అది. అయినా మావి గబగబా అయిపోయే కాల్స్. ఉన్నారు, బాగున్నారు, రేపు చెయ్యండి. అక్కది అలా కాదుగా. అందరి ఏడుపూ ఆవిడకే కావాలి. మాట మధ్యలో ఆగినా ఆపి వెయ్యదు. అవతలివాళ్ళు ఏడుస్తూ మాట్లాడలేకపోతున్నారేమో అని అలాగే చూస్తూ కూర్చుంటుంది."

ఆమె చూస్తూ కూర్చుంది. స్కానింగ్ విభాగంవాళ్ళు పొద్దుటి బొమ్మలన్నీ ఒక్కసారిగా కిందికి పంపించే వేళయింది. తెరమీద ఓయ్ అన్నదానికి ఆఁ రాలేదు. మళ్ళీ ఓయ్. జవాబు లేదు. చిన్న గుర్తు తిరగడం మొదలుపెట్టింది. చెయ్యి అలవాటుగా ఆపి వేసే మీట వైపు వెళ్ళింది. వెనక్కి తీసుకుని, తెలియకుండానే ఒళ్ళో పెట్టుకుంది. తన లాప్‌టాప్ చూస్తే అందులో మాత్రం అన్నీ ఆఁ, ఆఁ, ఆఁ.

ఫోన్ తీసి భర్తకి చేసింది.

"ఇప్పుడు ఈ బల్ల మిషన్ ఎక్కడుంది? దాన్ని కదపకు. ఊరికే చూసి చెప్పు."

ఆఫీసులో నువ్వు అన్నదని అతను గమనించాడో లేదో. "ఎక్కడుంటుంది, మన సర్వర్లోనే. మొదటి కేబుల్ నిండిపోయిందని రెండో దాని మీదికి జరిగింది. బొమ్మల రద్దీ తగ్గాక అదే వెనక్కొస్తుంది."

"ఏ రెండో కేబుల్?"

అవతల కుర్చీ కిర్రుమంది. తర్వాత, "నీకు చెప్పాను కదా. అప్పుడు, టీ దగ్గర," అన్నాడు.

ఆ టీ ఆమెకి బాగా గుర్తుంది. పెళ్ళి కుదిరిన కొత్తలో ఒక మధ్యాహ్నం అతను రెండు కాగితపు కప్పులతో ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. ఒక కప్పు కారి అతని చొక్కా చేతిమీద గుండ్రటి మరక పడింది. ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "చెవి దగ్గర సిరా అంటింది," అన్నాడు. తుడుచుకోబోతే, "అటు కాదు, ఇటు," అన్నాడు. ఆమె అటూ ఇటూ రెండుపక్కలా తుడుచుకుంది. ఈ కథ అక్కచెల్లెళ్ళందరికీ చెప్పింది. చెప్పినప్పుడల్లా కాస్త మెరుగుపెట్టి చెప్పింది. ఏ చెప్పడంలోనూ అందులో కేబుల్ లేదు.

సర్వర్‌కి రెండో కేబుల్ వేస్తున్నాం, కేబుళ్ళన్నీ కలిసే మీ స్విచ్ పెట్టెలో అది తగిలే పోర్టుకి ఎంక్వైరీవాళ్ళ దారి తెరవాలి అని అతను చెప్పి ఉంటాడు. ఆమె ఊఁ అని ఉంటుంది. ఒక విభాగం ఇంకో విభాగాన్ని ఏదైనా అడగాలంటే రాసి అడగాలన్నది అక్కడి పద్ధతి. పెళ్ళి కుదిరినవాళ్ళు రాసి అడుక్కుంటారా? అతను కేబుల్ తగిలించాడు. ఆమె దారి తెరవలేదు. మొదటి కేబుల్ రద్దీ అయినప్పుడల్లా ఎవరో ఒకరి మిషన్ రెండోదాని మీదికి జరగడం, మూసిన తలుపు ముందు నిలబడడం, రద్దీ తగ్గగానే వెనక్కి రావడం. ఆపి వేస్తే ముందుగా మొదటి కేబులే దొరుకుతుంది కాబట్టి జబ్బు నయమైనట్టే ఉండేది. ఆమె పొద్దుటినుంచి సాయంత్రందాకా ఓయ్ అని పిలిచింది సర్వర్‌ని. సర్వర్ ఎప్పుడూ మొదటి కేబుల్ మీదే కూర్చుని ఆఁ అంటూ వచ్చింది.

"ఒక్క లైను టైప్ చెయ్యడమే కదా," అన్నాడు అతను నెమ్మదిగా. "తెరిచెయ్యి."

తెరిచింది. మరుక్షణం ఆఁ వచ్చింది. తెర కదిలింది. ఇన్నాళ్ళ చిక్కుముడి వేలు తగలగానే విడిపోయినట్టయి ఆమెకి కుర్చీలోంచి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"ఎవరికీ ఏం చెప్పక్కర్లేదు," అన్నాడు. "తెగడం ఆగాలి, ఆగింది. ఇక ఆవిడ గొడవా దానంతటదే సద్దుమణుగుతుంది."

ఆమె నమ్మింది. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మింది. ఆ సాయంత్రం ఇద్దరూ వెళ్ళి కిటికీకి తెర కొన్నారు. పసుపు రంగు, మీద చిన్న చిన్న ఆకులు. తగిలించి చూస్తే పొడవు చాలలేదు, కింద జానెడు వెలుతురు మిగిలింది. పొట్టి లాగు తొడిగినట్టుందని అతను అంటే దానికీ నవ్వుకున్నారు.

*

మర్నాడు ఒక్క కాల్ కూడా తెగలేదు. స్కానింగ్ బొమ్మలన్నీ వచ్చి వెళ్ళినా తెగలేదు. ఆమె ఏదో వంకతో ఎంక్వైరీ గదికి వెళ్ళింది. ఇన్‌చార్జి ఆమెని చూడగానే చేత్తో పిలిచాడు. మొహం వెలిగిపోతోంది.

"చూశావామ్మా? నిన్న సగం పూట, ఇవాళ పూర్తిగా, ఒక్కటంటే ఒక్కటి తెగలేదు. ఆవిడ లేచింది, దరిద్రం వదిలింది. నెట్‌వర్కూ, సర్వరూ అంటూ మీ మొగుడూపెళ్ళాలని ఊరికే తిప్పాం. పైవాళ్ళకి ఇదే చెప్పాను. ఆవిడ ఉన్నప్పుడు తెగింది, లేనప్పుడు తెగలేదు. ఇంతకంటే రుజువేం కావాలి?"

"కానీ సార్..."

"జాలి పనికిరాదమ్మా ఇలాంటిచోట. రేపు చేతికి ఉత్తర్వు ఇచ్చేస్తారు. వయసు మీదపడ్డ మనిషి, ఇంట్లో విశ్రాంతి తీసుకుంటుంది."

ఆమె బయటికొచ్చి మెట్ల దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. తనే ఆ రుజువుని తోమి, తుడిచి, తళతళలాడించి ఆయన చేతికిచ్చింది. తప్పు తప్పులా ఉన్నన్నాళ్ళూ నిదానం అక్కకి ఎక్కడో ఓ మూల దారి ఉంది. తప్పు సరిదిద్దడంతో అదీ మూసుకుపోయింది.

నిదానం అక్క ఇల్లు మూడో అంతస్తులో, నీళ్ళ ట్యాంకు పక్కన. తలుపు తీసి, "నువ్వా అమ్మా, రా," అంది. మంచంమీద ఆరిన బట్టల కుప్ప ఉంది. మడతలు పెడుతోంది. మడతలన్నీ కాస్త వంకరగా వస్తున్నాయి. చూడగా చూడగా తెలిసింది, ఎడమచేత్తో పెడుతోంది.

"చేతికేమైంది అక్కా?"

"ఏం కాలేదు. అలవాటు చేసుకుంటున్నా." కుడిచెయ్యి ఎత్తి, చూపుడువేలుని వేరే ఎవరిదో చూసినట్టు చూసింది. "నాకు తెలీకుండానే ఇది నొక్కుతోందేమో అమ్మా. అన్నీ బాగున్నాయని మీరంతా చూసి చెప్పారు కదా. చదువుకున్నవాళ్ళు ఊరికే అంటారా? అందుకని ఇంట్లో ఫోన్ మోగినా దీన్ని వెనక్కి పెట్టేసి దీంతో తీస్తున్నా."

ఆమె మంచం అంచున కూర్చుంది.

"ఆ తమ్ముడి సంగతి ఎవరైనా వాళ్ళక్కకి మళ్ళీ చెప్పారా?" అంది నిదానం అక్క. "డాక్టరుగారు చూసి గొట్టం తీసేశారు, మాట్లాడుతున్నాడు అని చెప్పబోయాను. మంచి కబురే. సగంలో తెగేసరికి ఆవిడ ఏమనుకుందో. మంచి కబురు తొందరగా చెప్పేస్తే పోయేది. నా నిదానం తగలెయ్య."

అప్పుడు ఆమె చెప్పింది. కేబుల్ సంగతి, టీ సంగతి, తెరవని దారి సంగతి. నిన్న తెరిచిన సంగతి కూడా. నిదానం అక్క మడత ఆపి మొత్తం వింది. మధ్యలో ఒక్కచోట కూడా అడ్డు రాలేదు, అవతలివాళ్ళు ఫోన్లో చెప్పుకుంటుంటే వినేటట్టే వింది. చివర్న కుడిచేతి వేళ్ళు ముడిచి, తెరిచి చూసుకుంది.

"అయితే వేలు కాదన్నమాట."

"కాదు అక్కా."

"నీకు నిన్ననే తెలుసు."

"ఊఁ."

"నిన్న," అంది నిదానం అక్క. పక్కన మడతపెట్టిన చీర విప్పి, రెండు చేతులతో మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టింది. ఇక తలెత్తలేదు.

*

తాళం తీస్తూ అతను అలవాటుగా, "ఇప్పుడను," అన్నాడు.

"రేపు మీరు నాతో పాటు ఇన్‌చార్జిగారి దగ్గరికి రావాలి," అంది ఆమె.

అతను తాళంచెవి చేతిలో పట్టుకునే నిలబడిపోయాడు. లోపలికొచ్చాక చాలాసేపు చొక్కా గుండీలు విప్పలేదు. తర్వాత, "ఇద్దరం ఒకే కొమ్మమీద కూర్చున్నాం. నరుక్కుందామంటావా?" అన్నాడు.

"ఆవిడ ఏ కొమ్మమీద కూర్చుందండీ?"

"చెప్పడానికి నాకేం భయం లేదు. చెప్తే నమ్ముతారా? మొగుడూపెళ్ళాలు కలిసి కథ అల్లారంటారు. సరిచేశాక చూపించడానికి ఏముంది?"

పొట్టి తెర కిందినుంచి ఎదురింటి దీపం వెలుతురు నేలమీద పడుతోంది. ఆమె ఆ జానెడు వెలుతురునే చూస్తూ కూర్చుంది. కాసేపటికి అతను వచ్చి పక్కన నేలమీద కూర్చున్నాడు.

"నువ్వు నన్ను ఇంట్లో మీరు అన్నావు," అన్నాడు.

"అన్నాను."

చాలాసేపటికి అతనే అన్నాడు. "ఆవిడ బల్ల మిషన్ ఒక్కదాన్నీ రెండో కేబుల్‌కి కట్టేసి, కదలకుండా చెయ్యగలను. మిగతావాటికేం కాదు. నువ్వు ఆ దారి మళ్ళీ మూస్తే?"

*

మర్నాడు, తప్పు తమదేనని ఇద్దరి పేర్లతో రాసిన కాగితాన్ని ఇన్‌చార్జి నిలువుగా చదివి, అడ్డంగా తల ఊపాడు. "జాలి పనికిరాదని చెప్పానా? ఇప్పుడు బాగానే ఉంది కదమ్మా. మీ తప్పే అయితే ఏదీ, చూపించు."

"మీరొకసారి వచ్చి ఆవిడ కుర్చీలో కూర్చోండి సార్."

ఆయన నవ్వుతూనే వచ్చి కూర్చున్నాడు. వైరు విప్పి హెడ్‌సెట్ తగిలించుకున్నాడు. కింద సర్వర్ గదిలో భర్త తన పని పూర్తిచేసి, అయింది అని ఫోన్లో సందేశం పెట్టాడు. ఆమె ఇన్‌చార్జి వెనక స్టూలుమీద లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్క సీటమ్మాయి తన కాల్ గబగబా ముగించి ఇటు తిరిగింది.

ఫోన్ మోగింది. ఆయన మీట నొక్కి, "నమస్కారం, ఎంక్వైరీ," అన్నాడు గంభీరంగా.

హెడ్‌సెట్ అంచులోంచి సన్నగా, మాటకీ మాటకీ మధ్య సందుతో ఒక గొంతు బయటికి వినిపించింది. "నేనండీ సార్. నా సంగతి... ఏం చేశారో... కనుక్కుందామని."

ఆయన ఒకసారి వెనక్కి తిరిగి ఆమెని చూశాడు. కోపం వచ్చింది. అయినా ఫోన్లో ఉన్న మనిషికి జవాబివ్వాలి. గొంతు సవరించుకున్నాడు. "చూడండమ్మా, మీ విషయం పైవాళ్ళతో మాట్లాడాను. వాళ్ళు అన్నీ ఆలోచించి—"

ఆమె లాప్‌టాప్‌లో మీట నొక్కి దారి మూసింది.

"ఆలోచించి ఏమన్నారంటే... హలో? వినపడుతోందా? అమ్మా, ఉన్నారా?"

తెరమీద చిన్న గుండ్రటి గుర్తు తిరగడం మొదలుపెట్టింది. ఆయన హెడ్‌సెట్‌ని చెవికి గట్టిగా అదుముకున్నాడు. "హలో? హలో?" గదిలో మిగతా గొంతులు ఒక్కొక్కటే ఆగాయి. వరసలో ఉన్నవాళ్ళంతా ఆయన్నే చూస్తున్నారు. ఆయన వాళ్ళ వైపు తిరిగాడు. కుడిచెయ్యి మీటల మీదినుంచి దానంతటదే పైకి లేచి గాల్లో నిలబడింది.

"నేను పెట్టెయ్యలేదు," అన్నాడు.

ఆమె దారి తెరిచింది. గుర్తు తిరగడం ఆగింది. తెర మామూలైంది. ఆయన ఇంకా గాల్లో ఉన్న తన చేతిని చూసుకుని, నెమ్మదిగా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మళ్ళీ చెయ్యమని చెప్పావా ఆవిడకి?" అన్నాడు కాసేపటికి, వెనక్కి తిరక్కుండానే.

"చెప్పానండీ. తెగితే వెంటనే చెయ్యమన్నాను. దానికి మాత్రం ఆవిడ ఊఁ అనలేదు."

పక్క సీట్లో ఫోన్ మోగింది. ఆ అమ్మాయి అందుకుని, "ఉన్నారండీ, బాగున్నారు," అంటూ మొదలుపెట్టి, ఆగి, "తొందరేం లేదు, చెప్పండి," అంది. ఆ తర్వాత ఇంకో బల్లమీద మోగింది. ఇంకో బల్లమీద. ఇన్‌చార్జి హెడ్‌సెట్ తియ్యకుండా తెరవైపే చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఒళ్ళోని లాప్‌టాప్‌లో ఓయ్, ఆఁ, ఓయ్, ఆఁ, ఒక్కటీ తప్పకుండా కిందిదాకా నడుస్తున్నాయి. నిదానం అక్కనుంచి ఫోన్ మాత్రం మళ్ళీ రాలేదు.